కొంచెం చెమ్మ

మంచు కరిగిన మూడో వారం, ఏప్రిల్‌లో,
పార్మాలో బెర్నడీన్ ష్కోడా ఇంటి మెట్లు దిగుతుంటే
పదకొండో మెట్టు దగ్గర వాసన ఎదురొచ్చింది.
ఇరవై ఆరేళ్ళుగా నా కూడు ఈ వాసనలోనే:
నానిన అట్టపెట్టె, తుప్పు, ఆరని తువ్వాలు,
ఎవరూ పైకి తెచ్చుకోని ఇంకేదో.

"కొంచెం చెమ్మ, అంతే" అంది.
అందరూ అంతే అంటారు.
పళ్ళ డాక్టరు ముందు నోరు తెరిచినట్టు
కర్టెన్ పక్కకి లాగింది.

గోడ ఉప్పు కక్కింది.
గోటితో గీస్తే పెయింటు పెచ్చులుగా లేచొచ్చింది.
పైన తెలుపు, దాని కింద లేత పచ్చ,
గులాబీ, బూడిద, మళ్ళీ తెలుపు,
ఆసుపత్రి నీలం,
అన్నిటికీ అడుగున తారులాంటి నలుపు.
ఏడు పూతలు. ప్రతి డబ్బా మీదా
ఇక నీళ్ళు రావనే రాసి ఉంటుంది.
"నలుపు మా మామగారు," వేలు పెట్టి చూపించింది,
"గులాబీ నేను, కడుపుతో ఉన్నప్పుడు.
మిగతావన్నీ ఎల్డన్.
పోట్లాడుకున్న ప్రతిసారీ కిందికొచ్చి
ఒక పూత వేసి పడుకునేవాడు."

నేనేమీ అనలేదు.
పెయింటు నీళ్ళని ఆపదని ఇప్పుడు ఎవరికి చెప్పను?
ఎల్డన్ రెండేళ్ళుగా
మిట్ట మీది శ్మశానంలో, పొడినేలలో ఉన్నాడు.

మర్నాడు నేనూ మా టెరెల్ జాక్‌హామర్ దించాం.
గోడ వారన అడుగు వెడల్పున నేల పగలగొట్టి
బంకమట్టి బకెట్లకెత్తాం. బకెట్టుకి పదమూడు మెట్లు.
నా ఎడమ మోకాలు
ప్రతి మెట్టునీ పేరుపెట్టి పిలిచింది.
నూట డెబ్భై దాకా లెక్కేసి టెరెల్ మానేశాడు.

"ఇంతకీ ఎలా ఆపుతారు?"
"ఆపం" అన్నాను.
నీళ్ళకి పల్లం తెలుసు. అదొక్కటే తెలుసు.
ఎవరి ఇల్లో తెలీదు, బ్యాంకు వాయిదా తెలీదు,
రాత్రి రెండింటికి తుడుపుగుడ్డతో ఎవరు దిగుతారో తెలీదు.
రావద్దంటే గోడని తోస్తాయి.
దారి చూపిస్తే నడిచొచ్చి గుంటలో కూర్చుంటాయి.
గుంటలో ఒక పంపు. పంపుకి ఒక బ్యాటరీ,
వాన పడే రాత్రే కరెంటూ పోతుంది గనక.

గోడ అడుగు బ్లాకులకి కన్నాలు వేశాం.
ఒక్కోదాన్నుంచీ కారాయి, ఎన్నేళ్ళనాటి నీళ్ళో,
టీ రంగులో, చల్లగా, ఏ తొందరా లేకుండా.
మెట్ల మీద కూర్చుని చూస్తూనే ఉంది,
చేతిలో సాండ్‌విచ్ కొరకడం మరిచిపోయి.
"ఇంత లోపల పెట్టుకుందా?"
గోడ గురించే అనుకుంటాను.

గులకరాళ్ళు, పైపు, పైన మళ్ళీ కాంక్రీటు.
తెల్ల ప్లాస్టిక్ షీటు గోడకి బిగించబోతుంటే
"ఆగండి" అంది.
ఆగాం. ఫొటో తీసుకుంటుందేమో అనుకున్నాను.
గులాబీ పెచ్చు కనిపించినచోట కాసేపు నిలబడి
"ఏం లేదు, కానివ్వండి" అంది.

శుక్రవారం రాత్రి కుండపోత.
తొమ్మిదిన్నరకి ఫోను. పంపు ఆగిందేమోనని
ఒక చేత్తో అప్పటికే బూట్లు వెతుకుతున్నాను.
"పనిచేస్తోంది. పది నిమిషాలకోసారి
గొంతు సవరించుకుంటోంది, చర్చికి బయల్దేరే ఎల్డన్‌లా.
నిద్ర పట్టడం లేదు."
"అలవాటవుతుంది."
"అది కాదు. పక్కింటి హ్రుష్కా టార్చిలైటేసుకుని
వాళ్ళ బేస్‌మెంటు కిటికీ దగ్గర
మోకాళ్ళ మీద కూర్చున్నాడు, ఈ వానలో.
మన పైపు ఎటు తిరిగింది?"

పైపు మూతి వీధి కాలవ వైపే పెట్టాను,
ఇంటికి పదడుగుల దూరంలో, కాగితం మీద గీసినట్టే.
పదడుగులు దాటాక నేల ఎటు వాలిందో
నేను చూడలేదు.

తెల్లారకుండానే వెళ్ళి ఇంకో ముప్పై అడుగులు వేశాను,
కూలి అడగలేదు, ఆవిడా అడగలేదు.
హ్రుష్కా ఇంటి చెప్పులతోనే వచ్చి
కంచె మీద మోచేతులు ఆనించి,
పని అయ్యేదాకా చూసి,
"మాకూ కొంచెం చెమ్మ" అన్నాడు,
"అంతే."